సదరు నొప్పి, ఎడమవైపు

మద్దిలేటి నొప్పి ఎడమవైపు. ఈ సంగతిలో మద్దిలేటికి గానీ, ఆయన భార్య సుంకులమ్మకు గానీ, ఆ బస్సులో కండక్టరుగా పనిచేసే నాకు గానీ ఏనాడూ అనుమానం రాలేదు. అనుమానం సంస్థకు వచ్చింది.

మాది హంద్రీ తీర రవాణా సంస్థ. బస్సులున్నాయి, డిపోలున్నాయి, ఉద్యోగుల కోసం సొంత ఆసుపత్రి కూడా ఉంది. నా పేరు ఖాజా మొహిద్దీన్. మద్దిలేటినీ నన్నూ కలిపి ఎమ్మిగనూరు రూటుకు వేసి చాలా ఏండ్లయింది. ఆ బండిలో డ్రైవరు సీటు కింద స్ప్రింగు ఎప్పుడో విరిగిపోయింది. దాని బదులు మడతపెట్టిన గోనెసంచి ఉండేది. గుంత వచ్చినప్పుడల్లా గోనెసంచి చేయగలిగినంత చేసేది. మిగిలింది మద్దిలేటి నడుము చూసుకునేది.

నొప్పి మొదట నడుముకు ఎడమపక్కన, రూపాయి బిళ్ళంత చోట మొదలైంది. తర్వాత పిర్రలోకి దిగింది, తొడ వెనకనుంచి పిక్కదాకా పాకింది. బస్సు దిగేటప్పుడు మద్దిలేటి మొదట కుడికాలు నేలకు ఆనించి, తలుపు పట్టుకుని, ఎడమకాలిని ఎవరిదో అద్దాల పెట్టె దించినట్టు దించుకునేవాడు. ఇంట్లో కింద కూర్చోలేక గోడ గూట్లో పళ్ళెం పెట్టుకుని నిలబడి తినేవాడు. "మా ఇంట్లో దినామూ పెండ్లి బఫే" అని సుంకులమ్మ నవ్వేది. నవ్వి లోపలికిపోయి కాసేపు బయటికి వచ్చేది కాదు.

బెల్టు కట్టాడు. మాత్రలు మింగాడు. కాపడం పెట్టించుకున్నాడు. ఆసుపత్రిలో వ్యాయామాలు చెప్తే, చెయ్యబోయి మధ్యలో ఇరుక్కుపోతే, ఇద్దరం పట్టి లేపాం.

ఆ రోజుల్లోనే మా ఆసుపత్రికి కొత్త యంత్రం వచ్చింది. సగం గుండ్రంగా వంగిన పెద్ద ఇనుపచెయ్యి, దాని పక్కన టీవీ. మనిషిని బల్లమీద బోర్లా పడుకోబెట్టి ఆ చెయ్యిని చుట్టూ తిప్పితే లోపలి ఎముకలు టీవీలో కనబడతాయి. యంత్రానికి కుంకుమ పెట్టి, దండ వేసి, టెంకాయ కొట్టారు. టెంకాయ నీళ్ళు టీవీమీద పడి అది మరుసటివారం దాకా వెలగలేదు.

యంత్రంతోపాటు డాక్టర్ తబస్సుమ్ వచ్చింది. నొప్పుల వైద్యంలో ప్రత్యేకంగా చదువుకున్న మనిషి. మద్దిలేటిని పడుకోబెట్టి ఎడమకాలు మెల్లగా పైకెత్తింది. కొద్దిగా ఎత్తగానే ఆయన బల్ల అంచు పట్టుకున్నాడు. బొటనవేలు పైకి లాగమంది. కుడిది వచ్చింది, ఎడమది సగంలో ఆగిపోయింది. స్కానింగు తీయించి, ఫిల్మును దీపం ముందు పెట్టి మాకు చూపించింది.

"ఇదిగో, కుడివైపు డిస్కు బాగానే బయటికి వచ్చింది. కానీ అది నరానికి తగల్లేదు. ఎడమవైపు వచ్చింది చిన్నది. ఆ చిన్నదే నరాన్ని నొక్కుతోంది. మీరు చెప్పిన చోటూ, నేను పరీక్ష చేసిన చోటూ, ఇదీ సరిపోయాయి మద్దిలేటి గారూ."

"అయితే ఏం చెయ్యాలమ్మా?"

"టీవీలో చూసుకుంటూ సూదిని ఆ నరం పక్కకు తీసుకుపోయి మందు వేస్తాను. వాపు తగ్గుతుంది. అందరికీ ఒకేలా పనిచేయదు, ఉన్నదున్నట్టు చెప్తున్నా. పనిచేస్తే కొన్ని నెలలు తేలిగ్గా ఉంటుంది. ఆ నెలల్లో మీరు వ్యాయామం చేసి నడుముకు బలం తెచ్చుకోవాలి."

మద్దిలేటి నావైపు తిరిగి, "కొన్ని నెలలంట ఖాజా" అన్నాడు, ఎవరో పొలం రాసిస్తామన్నట్టు.

అయితే మా సంస్థలో సూది వేయాలంటే వైద్య పరిపాలనాధికారి మంజూరు చెయ్యాలి. ఆయన పేరు శేషశయనం. ఆయన డాక్టరు కాదు. అంతకుముందు టైర్ల విభాగం చూసేవారు. అరిగిన టైర్లను కనిపెట్టడంలో ఆయనకు మంచి పేరుండేది. అందుకే పదోన్నతి ఇచ్చి ఆసుపత్రికి పంపారు.

శేషశయనం గారు యంత్రం కొనుగోలు ఉత్తర్వును శ్రద్ధగా చదివారు. అందులో "బొమ్మ మార్గదర్శకత్వంలో నొప్పికి చికిత్స" అని ఉంది. బొమ్మంటే యంత్రాలు తీసే లోపలి ఎముకల చిత్రం. ఆ మాట దగ్గర ఆయన ఆగిపోయారు.

"డాక్టరమ్మా, ఇక్కడ మార్గదర్శి ఎవరు?" అని అడిగారు.

"అర్థం కాలేదు సార్."

"బొమ్మ. ఉత్తర్వులో స్పష్టంగా ఉంది. బొమ్మ మార్గదర్శి అయినప్పుడు రోగి మార్గదర్శి కాజాలడు. మరి సదరు నొప్పి ఎడమవైపు ఉన్నదని మీరు దేన్ని బట్టి రాశారు?"

"ఆయన చెప్పాడు సార్. పరీక్ష చేశాను. స్కానింగు చూశాను."

"ఆయన చెప్పాడు!" శేషశయనం గారు కుర్చీలో వెనక్కి వాలారు. "టైర్ల విభాగంలో ఉండగా నేను వేల టైర్లను చూసి అరుగుదల తేల్చాను. ఒక్క టైరును కూడా నోరు తెరిచి అడగలేదు."

"మనిషి టైరు కాదు సార్."

"కాబట్టే మరింత జాగ్రత్త అవసరం. టైరు అబద్ధమాడదు."

ఆ వారమే సర్క్యులర్ వచ్చింది. నోటీసు బోర్డు దగ్గర నిలబడి అందరం చదివాం: "నొప్పి యొక్క ఉనికి, స్థానము, తీవ్రత ఇకమీదట బొమ్మను బట్టి మాత్రమే నిర్ణయించబడును. రోగి నోటిమాట సమాచార నిమిత్తము వినబడును గానీ పరిగణనలోకి తీసుకొనబడదు." దీన్ని అమలు చేయడానికి నొప్పి నిర్ధారణ కమిటీ ఏర్పడింది. శేషశయనం గారు అధ్యక్షులు. స్టోర్సు, అకౌంట్సు, భద్రతా విభాగాల నుంచి సభ్యులు. డాక్టర్ తబస్సుమ్ ప్రత్యేక ఆహ్వానితురాలు. అంటే ఆమె రావచ్చు, కూర్చోవచ్చు.

మొదటి విచారణకు మద్దిలేటికి తోడుగా నేను పోయాను. ఆయన కూర్చోలేక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఎదురుగా పెద్ద బల్ల, దానికి అవతల కమిటీ. మద్దిలేటి ఫిల్మును గోడకున్న దీపానికి తగిలించారు. సభ్యులందరూ అటువైపు కుర్చీలు తిప్పుకున్నారు.

"ఇది పెద్దది," అన్నారు శేషశయనం గారు, కర్రతో కుడివైపు చూపిస్తూ. "ఇది చిన్నది. పెద్దది ఉండగా చిన్నది నొప్పి పెట్టే సమస్య ఉత్పన్నం కాదు. కావున నొప్పి కుడివైపు."

"ఎడమవైపు సార్," అన్నాడు మద్దిలేటి.

"ఎవరది?"

"రోగి సార్," అన్నారు స్టోర్సు వాళ్ళు.

"రోగి వాదన సమాచార నిమిత్తం వినడమైనది." శేషశయనం గారు ఫిల్ము మీంచి చూపు తిప్పలేదు. "డాక్టరమ్మా, కుడివైపు సూదికైతే ఇప్పుడే మంజూరు చేస్తాను."

"కుడివైపు నొప్పి లేదు సార్. లేని చోట సూది నేను వెయ్యను."

"అయితే ప్రస్తుతానికి తిరస్కరిస్తున్నాం."

రెండో రోజు మద్దిలేటికి కాగితం అందింది. కుడివైపు నొప్పి ఏర్పడిన పక్షంలో సదరు రోగి మరల దరఖాస్తు చేసుకొనవచ్చునని అందులో ఉంది. సుంకులమ్మ దాన్ని నాచేత రెండుసార్లు చదివించుకుంది.

"అంటే ఏందన్నా? నొప్పిని ఈపక్కనించి ఆపక్కకు జరుపుకొమ్మంటారా?"

"అట్లే ఉందమ్మా."

"యాడన్నా జరిపేది? మంచమా అది?"

మద్దిలేటి గూట్లో పళ్ళెం పెట్టుకుని తింటున్నాడు. తిండి మధ్యలో ఒకసారి ఆగి గోడను పట్టుకున్నాడు, మళ్ళీ తిన్నాడు.

ఆ తర్వాతి వారంలోనే రైలు గేటు దగ్గర ఆ సంగతి జరిగింది. మిట్టమధ్యాహ్నం. బండి నిండా జనం. గేటు తెరిచి ఉంది. పట్టాలమీదికి ఎక్కుతుండగా గేరు మార్చాలి. గేరు మార్చాలంటే ఎడమకాలితో క్లచ్చి తొక్కాలి. కాలు తొక్కలేదు. బండి ఒక్క ఊపు ఊగి, ముందు చక్రాలు పట్టాలమీద ఉండగా ఆగిపోయింది.

వెనకనుంచి నేను అరిచాను. "అన్నా, ఏమైంది?"

"కాలు రాలేదు ఖాజా," అన్నాడు. నెమ్మదిగానే అన్నాడు గానీ, అద్దంలో ఆయన ముఖం సున్నం కొట్టినట్టుంది. "అందర్నీ దించు."

దించాను. గేట్‌మన్ ఎర్రజెండా పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. మద్దిలేటి గేరును చేత్తో లాగి న్యూట్రల్‌కు తెచ్చాడు. ఆడా మగా అందరూ కలిసి బండిని వెనక్కి తోశారు. చాలాసేపటికి గాని రైలు రాలేదు, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ అది పోతుంటే మద్దిలేటి రోడ్డు పక్కన నిలబడి ఆఖరి పెట్టెదాకా చూశాడు. తర్వాత తాళం తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"జనాన్ని వేరే బండికెక్కించు. ఇంగ నేను తోలను. నాకు నొప్పి ఉండొచ్చు, లేకపోవచ్చు, వాళ్ళిష్టం. వీళ్ళంతా ఉండారు గదా లోపల."

సంస్థ వెంటనే స్పందించింది. బొమ్మలో లేని నొప్పిని సాకుగా చూపి విధులకు ఆటంకం కలిగించినందుకు మద్దిలేటిని సస్పెండు చేశారు.

ఇక్కడితో ఆగి ఉంటే అది ఒక మద్దిలేటి కథగానే మిగిలేది. కానీ శేషశయనం గారు లోతుగా ఆలోచించే మనిషి. బొమ్మలో లేని నొప్పిని ఉందనేవాళ్ళు ఉన్నప్పుడు, బొమ్మలో ఉన్న నొప్పిని లేదనేవాళ్ళు కూడా ఉండి తీరాలని ఆయనకు తోచింది. వాళ్ళను వెదికి పట్టుకోవడానికి ఉద్యోగులందరికీ స్కానింగు తీయించాలని రెండో సర్క్యులర్ ఇచ్చారు.

వెదికినకొద్దీ దొరికారు. మొట్టమొదట దొరికినవాడు మా డిపో మెకానిక్కు బజారి. బస్సు టైరును ఒక్కడే ఎత్తి భుజాన వేసుకునే మనిషి. ఆయన ఫిల్ము చూసి కమిటీ కుర్చీలు ముందుకు జరుపుకుందట. వెన్నెముకలో ఎక్కడ చూసినా అరుగుదలే.

"ఎంతకాలంగా బాధపడుతున్నావు?" అని అడిగారు శేషశయనం గారు, ఎంతో దయగా.

"నాకేం బాధ సార్? బాగుండా."

"చూశారా, నొప్పి తెలియనంతగా ముదిరింది. తక్షణం పడక విశ్రాంతి."

"సార్, రెండు ఇంజన్లు విప్పి పెట్టినా. ఇప్పుడు పండుకుంటే ఎట్ల?"

"నొప్పిని కప్పిపుచ్చడం క్రమశిక్షణ ఉల్లంఘన కిందికి వస్తుంది."

బజారిని వార్డులో చేర్చారు. ఆయన వెనకే నలభై దాటిన డ్రైవర్లు వరసగా చేరారు. ఎముకలకు వయసు వస్తుందనీ, తల వెంట్రుకలు నెరిసినట్టు డిస్కులు కూడా అరుగుతాయనీ, అరిగినంత మాత్రాన నొప్పి ఉండాలని లేదనీ డాక్టర్ తబస్సుమ్ కమిటీకి చెప్పింది. ఆమె మాటలను సమాచార నిమిత్తం విన్నారు.

వార్డు చాలక వరండాలో మంచాలు వేశారు. మంచాలు చాలక ఒకరి మంచం కింద ఒకరు చాపలు వేసుకున్నారు. ఆరోగ్యంగా ఉన్న అంతమంది మగవాళ్ళను పగలంతా పడుకోబెట్టడం నర్సులకు కష్టమైపోయింది. బజారి మొదట వార్డులో ఫ్యాన్లు బాగుచేశాడు. తర్వాత మంచాల కాళ్ళు సరిచేశాడు. తర్వాత ఇంకేమీ లేక, బాగా పనిచేస్తున్న అంబులెన్సును విప్పాడు.

అటు డిపోలో, బొమ్మ శుభ్రంగా ఉన్నవాళ్ళే బండ్లు తోలుతున్నారు. కొత్తగా చేరిన ఒక డ్రైవరు నడుము పట్టేసి, స్టీరింగు మీదికి వంగినవాడు వంగినట్టే ఉండిపోతే, బొమ్మ చూసి నీకేమీ లేదని ధైర్యం చెప్పి ఇంకో ట్రిప్పుకు పంపించారు. నా బొమ్మ కూడా తీశారు. నాది మధ్యరకం నొప్పని తేలింది. టిక్కెట్లు ఇవ్వవచ్చుననీ, చిల్లర కింద పడితే మాత్రం వంగరాదనీ ఉత్తర్వు ఇచ్చారు. ప్రయాణికులే ఏరి ఇచ్చేవాళ్ళు.

మద్దిలేటి సస్పెన్షన్ మీద విచారణ అప్పుడే వచ్చింది. మళ్ళీ అదే గది, అదే కమిటీ. ఆయన మళ్ళీ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఈసారి ఇంకా వంగిపోయి ఉన్నాడు. కరెంటు లేదు. గోడ దీపం వెలగలేదు. శేషశయనం గారు ఫిల్మును తీసుకుని కిటికీ దగ్గరికి నడిచి వెలుతురుకు ఎత్తి పట్టుకున్నారు. తిరగేసి పట్టుకున్నారు.

కాసేపు చూశారు. దగ్గరగా చూశారు. దూరంగా పెట్టి చూశారు. తర్వాత కమిటీవైపు తిరిగారు.

"సభ్యులు గమనించాలి. పెద్దది ఇప్పుడు ఎడమవైపు ఉన్నది."

సభ్యులు లేచి వచ్చి గమనించారు.

"సార్," అంది డాక్టర్ తబస్సుమ్, "మీరు ఫిల్మును తిరగేసి పట్టుకున్నారు."

ఆమె ఆ మాట స్పష్టంగా చెప్పింది. గదిలో అందరూ విన్నారు. నేను విన్నాను.

"డాక్టరమ్మా," అన్నారు శేషశయనం గారు, ఓపికగా, "ఫిల్మును ఏ విధంగా పట్టుకోవాలో అధ్యక్షుల విచక్షణకు లోబడి ఉంటుంది. బొమ్మ మారింది. బొమ్మ మారినప్పుడు దాన్ని అంగీకరించే పెద్దమనసు కమిటీకి ఉండాలి. సదరు నొప్పి ఎడమవైపు ఉన్నట్టు మేము కనుగొన్నాం. ఈ సంగతి రోగికి తెలియజేయండి."

"తెలుసు సార్," అన్నాడు మద్దిలేటి.

"ఎవరది?"

"రోగి సార్."

ఎడమవైపు సూదికి మంజూరయింది.

సూది వేసే రోజు నన్ను కూడా లోపలికి రానిచ్చారు. సీసం నింపిన బరువైన అంగీ తొడిగి గోడ పక్కన నిలబెట్టారు. మద్దిలేటి పొట్ట కింద దిండు పెట్టి బోర్లా పడుకోబెట్టారు. చర్మం తిమ్మిరెక్కడానికి ముందుగా ఒక చిన్న సూది వేసి, తర్వాత డాక్టర్ తబస్సుమ్ పొడవాటి సన్నని సూది తీసుకుంది. ఇనుపచెయ్యిని కొంచెం వంచమంది. టీవీలో ఎముకలు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు కనబడ్డాయి. వాటి మధ్యకు నల్లని గీతలా సూది మెల్లగా పోతోంది. కొంచెం తోసి టీవీ చూసేది. మళ్ళీ కొంచెం తోసి ఆయన్ని అడిగేది.

"ఎక్కడైనా గుంజుతోందా మద్దిలేటి గారూ?"

"లేదమ్మా."

"ఇప్పుడు?"

మద్దిలేటి వేళ్ళు దిండులోకి దిగబడ్డాయి. "పిక్కలోకి దిగిందమ్మా. అదే. అదే నొప్పి."

"రోజూ వచ్చేదేనా? బాగా చూసుకుని చెప్పండి."

"అదేనమ్మా. దీన్ని నేను మర్చిపోతానా?"

ఆమె సూదిని వెంట్రుకవాసి వెనక్కి లాగి ఆపింది. కొద్దిగా రంగుమందు పంపింది. టీవీలో ఆ నరం వెంట తెల్ల చీరకు నల్లంచులా అది జారిపోయింది. అప్పుడు అసలు మందు వేసింది. ఆ గదిలో ఉన్నంతసేపూ ఆమె టీవీని ఎంత చూసిందో ఆయన మాటనూ అంతే విన్నది. సర్క్యులర్ ప్రకారం చూస్తే అదంతా ఉల్లంఘనే.

వెంటనే ఏమీ తెలియలేదు. పైగా రెండు రోజులు కొంచెం ఎక్కువైంది. తర్వాత ఒక ఉదయం సుంకులమ్మ మా ఇంటికి వచ్చింది. ఎప్పుడూ రాని మనిషి వచ్చేసరికి నేను చెప్పులు కూడా వేసుకోకుండా ఎదురుపోయాను.

"ఏమైందమ్మా?"

"కింద కూసున్నాడన్నా," అంది. "పీట వేసుకుని కూసోని తిన్నాడు. లేపుదామని చెయ్యి పట్టుకుంటే, వద్దు వద్దని తనంతట తానే లేసినాడు." అని చెప్పి, నవ్వుతూనే ఏడ్చింది.

డాక్టరమ్మ చెప్పిన వ్యాయామాలు మద్దిలేటి బండి కండిషన్ చూసుకున్నట్టు ఒక్కటీ వదలకుండా చేశాడు. బొటనవేలు నిండుగా పైకి రావడం మొదలైంది. ఆమె మళ్ళీ పరీక్ష చేసింది. కాలును గట్టిగా తోయించుకుని, క్లచ్చి తొక్కే బలం వచ్చిందని తేల్చుకున్నాకే బండి తోలవచ్చని రాసిచ్చింది. సస్పెన్షన్ కూడా ఎత్తేశారు. ఇక డ్యూటీలో చేరాలి.

చేరేముందు చికిత్స ఫలించిందో లేదో కమిటీ తేల్చాలట. మళ్ళీ స్కానింగు తీశారు. డిస్కులు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఉంటాయని డాక్టర్ తబస్సుమ్ ముందే చెప్పింది. మందు తగ్గించేది వాపును, ఎముకల్ని కొత్తవి చేయదు అంది. అయినా మూడో విచారణ జరిగింది.

ఈసారి మద్దిలేటి గోడకు ఆనుకోలేదు. బల్లకు ఎదురుగా నిటారుగా నిలబడ్డాడు. ఇస్త్రీ ఖాకీ వేసుకుని వచ్చాడు. కమిటీ కుర్చీలు తిప్పుకుని గోడమీది ఫిల్మును చూస్తోంది.

"విచారకరం," అన్నారు శేషశయనం గారు. "ఏమాత్రం మార్పు లేదు. నొప్పి యథాతథంగా కొనసాగుతున్నది."

"సార్, నాకు నొప్పి లేదు సార్," అన్నాడు మద్దిలేటి.

"రోగి లేదంటున్నాడు సార్," అన్నారు అకౌంట్సు వాళ్ళు.

"అంటాడు. బజారి కూడా అన్నాడు."

"సార్, ఒక్కసారి ఇటు చూడండి సార్." మద్దిలేటి అక్కడికక్కడే గొంతుక్కూర్చున్నాడు. దేన్నీ పట్టుకోకుండా లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. వంగి బూటు లేసు విప్పి, మళ్ళీ కట్టుకున్నాడు. డాక్టర్ తబస్సుమ్ చూసింది. నేను చూశాను. తలుపు దగ్గర టీలు తెచ్చిన మనిషి చూశాడు. కమిటీ ఫిల్మునే చూస్తోంది.

"పాపం," అన్నారు శేషశయనం గారు, ఫిల్ములోని డిస్కును కర్రతో మెల్లగా తాకుతూ, "ఇంత నొప్పితో మనిషి లేచి నిలబడటం అసాధ్యం. బొమ్మ బాగుపడే వరకు పూర్తి జీతంతో పడక విశ్రాంతి."

బయటికి వచ్చాక డాక్టర్ తబస్సుమ్ మెట్లమీద ఆగింది. "సారీ మద్దిలేటి గారూ," అంది. "పై ఆఫీసుకు మళ్ళీ రాస్తాను."

"మీరెందుకమ్మా సారీ చెప్పేది?" అన్నాడు మద్దిలేటి. "మీరు చేసింది నా కాలికి తెలుసు."

ఇంట్లో ఆయన రెండు రోజులు పడుకున్నాడు. మూడో రోజు మా డిపో మేనేజరు వెదుక్కుంటూ వచ్చాడు. బస్టాండులో జనం గోల చేస్తున్నారు. బండ్లున్నాయి, తోలేవాళ్ళు లేరు. ఆయన కూర్చోను కూడా లేదు.

"మద్దిలేటీ, డాక్టరమ్మ తోలొచ్చని రాసిచ్చింది గదా? నాకది చాలు. నువ్వు మంచంలో ఉన్నట్టు కమిటీ అనుకుంటుంది. బండిలో ఉన్నట్టు నేను చూసుకుంటా. ఇద్దరికీ ఇబ్బంది లేదు."

"సీటు స్ప్రింగు వేయిస్తే వస్తా," అన్నాడు మద్దిలేటి.

"ఇప్పుడు మెకానిక్కులు ఎవరున్నారప్పా? అందరూ పడకలమీద ఉండారు."

ఆ సాయంత్రం బజారి వార్డు కిటికీలోంచి దూకి వచ్చి స్ప్రింగు వేసి, గోనెసంచి తీసి అవతల పారేసి, భోజనం వేళకు మళ్ళీ కిటికీలోంచే ఎక్కి పోయాడు.

అట్లా మేము మళ్ళీ రోడ్డెక్కాం. కొత్త స్ప్రింగు మీద మద్దిలేటి కూర్చున్న తీరు చూడాల్సింది. మొదటి గుంత వచ్చినప్పుడు బండి లేచి దిగింది, ఆయనా లేచి దిగాడు, వెనక్కి తిరిగి నన్ను చూసి చిన్నపిల్లోడిలా నవ్వాడు. డాక్టరమ్మ చెప్పినట్టు ప్రతి ట్రిప్పు చివరా దిగి అటూ ఇటూ నడిచేవాడు.

కొన్నాళ్ళకు మా సంస్థ పేరు పైదాకా పోయింది. దాగి ఉన్న నొప్పిని ఇంత పెద్దఎత్తున వెలికితీసిన ఆసుపత్రి మరొకటి లేదని, శేషశయనం గారికి ప్రధాన కార్యాలయంలో సన్మానం పెట్టారు. ఆయన బయల్దేరబోతే జీపు డ్రైవరు లేడు. వెన్నెముక బాగాలేదని శేషశయనం గారే అతన్ని పడుకోబెట్టారు. రైలందుకోవాలంటే బస్సులో పోక తప్పలేదు. బస్టాండుకు వచ్చి మా బండి ఎక్కారు.

మద్దిలేటి అద్దంలో చూశాడు. ఇక దిగిపొమ్మంటారనుకుని తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు కూడా.

శేషశయనం గారు డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నారు. మద్దిలేటిని నిండుగా చూశారు. "పోనీయవయ్యా," అన్నారు.

ఆయన గుర్తుపట్టలేదు. ఎట్లా గుర్తుపడతారు? మూడు విచారణల్లోనూ ఆయన చూసింది మద్దిలేటి వెన్నెముకనే. ముఖం బొమ్మలో లేదు.

బండి కదిలింది. కొంతదూరం పోయాక శేషశయనం గారు ముందుకు వంగారు.

"బాగా తోలుతున్నావయ్యా. నడుము నొప్పి ఏమైనా ఉందా?"

"లేదు సార్."

"ఉండదు. నీ బొమ్మ శుభ్రంగా ఉండి ఉంటుంది. అది నడకలోనే, కూర్చోవడంలోనే తెలిసిపోతుంది." ఆయన వెనక్కి వాలారు. "అందరికీ ఆ అదృష్టం ఉండదు. మా దగ్గర మద్దిలేటి అని ఒక డ్రైవరున్నాడు. పాపం, చాలా దారుణమైన కేసు. ఎంత చికిత్స చేయించినా బొమ్మ మారలేదు. మంచం దిగలేడు. ఆ ఫిల్ము చూసిన రోజు నాకు అన్నం సయించలేదంటే నమ్ము."

మద్దిలేటి రోడ్డును చూస్తున్నాడు. "అట్లనా సార్," అన్నాడు.

"భార్యాపిల్లలుంటారు గదా, వాళ్ళ గతేమిటి? అందుకే పూర్తి జీతం మంజూరు చేశాను. నియమాలంటే మనసు లేకపోవడం కాదయ్యా."

ఆ మాట చెప్తున్నప్పుడు ఆయన గొంతు నిజంగానే వణికింది. రైల్వేస్టేషన్ దగ్గర దిగుతూ మద్దిలేటి భుజం తట్టారు. "ఎప్పుడైనా ఆ మద్దిలేటి కనబడితే, ధైర్యంగా ఉండమన్నానని చెప్పు."

"చెప్తా సార్."

ఆయన బ్యాగు పట్టుకుని జనంలో కలిసిపోయారు. బండి బయల్దేరలేదు. మద్దిలేటి స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని అట్లే కూర్చున్నాడు. నవ్వుతున్నాడేమో అనుకుని ముందుకు పోయి చూశాను. నవ్వడం లేదు.

"ఏందన్నా?"

"ఏం లేదు ఖాజా," అన్నాడు. "పాపం, ఆ మద్దిలేటికి ఎట్లుందో ఏమో."

నేను విజిల్ వేశాను.